రేడియస్ ఎవరి సొత్తు

టీచరమ్మ రిటైరై ఆరేళ్ళయింది. స్కూలు ఆవిణ్ణి వదిలేసింది గానీ ఆవిడ స్కూలుని వదల్లేదు. బస్సు కోసం జనం గుంపుగా నిలబడితే, "సరళరేఖ అంటే ఏమిటో ఎవరైనా చెప్తారా?" అని అడిగి మరీ వరసలో పెడుతుంది. ఎవరింట్లోనైనా పుట్టినరోజు కేకు కోస్తుంటే, ముక్కల కోణాలు సమానంగా రావడం లేదని కత్తి లాక్కుంటుంది. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన నోరు, ఊరుకోమంటే ఊరుకుంటుందా? వీధి మొత్తానికి ఆవిడ టీచరమ్మే. అసలు పేరు ఆవిడకి కూడా సంతకం పెట్టేటప్పుడే గుర్తొస్తుంది.

ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. తొమ్మిదేళ్ళు చిన్నవాడు. పక్క వీధిలో సైకిలు చక్రాలు అల్లుతాడు. ఆ పనిని అల్లడమనే అంటారు. మధ్యలో హబ్బు, చుట్టూ రిమ్ము, రెంటినీ కలుపుతూ ముప్ఫై రెండు స్పోకులు. ఒకదాని మీదుగా ఒకటి పోనిచ్చి, చివర్లు బిగించి, గిర్రున తిప్పితే చక్రం ఎటూ వంకరపోకూడదు. చెప్పడానికింతే. కానీ రేసులకెళ్ళేవాళ్ళు షాపులో కొన్న కొత్త చక్రాన్ని కూడా అతని దగ్గరికి తెచ్చి, విప్పి మళ్ళీ అల్లిపెట్టమంటారు. పెళ్ళి చేసుకోలేదు. షాపు వెనక గదిలోనే కాపురం. "మనుషులు మాట వినరక్కా, చక్రాలు వింటాయి" అంటాడు.

అంతటివాడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పోనీ సైకిలు మీంచి పడ్డాడా అంటే అదీ లేదు. అటక మీది రిమ్ము తీద్దామని స్టూలెక్కాడు. స్టూలుకి మూడు కాళ్ళే గట్టివి, నాలుగోది వేళాకోళానికి ఉంది. కుడిచెయ్యి నేలకానించి పడ్డాడు. ఆరు వారాల తర్వాత కట్టు విప్పితే ఎముక అతికింది గానీ, అరచెయ్యి పైకి తిరగనని మొండికేసింది. కిందికి బోర్లించమంటే బోర్లుతుంది. పైకి తిప్పమంటే సగం దారిలో ఆగిపోతుంది. చక్రాలవాడికి ఆ చెయ్యి అలా ఆగిపోతే పని ఆగిపోయినట్టే.

ఫిజియోథెరపీకి టీచరమ్మే దగ్గరుండి తీసుకెళ్ళింది. ఒంటరిగా పంపితే దారిలో ఎవరి సైకిలో చూస్తూ నిలబడిపోతాడని ఆవిడ అనుమానం. చిన్న గది. ఒక బల్ల, గోడ మీద అస్థిపంజరం పటం, కిటికీ కింద రబ్బరు బంతుల బుట్ట. ఫిజియో అమ్మాయికి ముప్ఫై కూడా ఉండవు. నవ్వుతూనే పని రాబట్టే రకం.

"నువ్వు మా స్కూల్లో చదివావా అమ్మా?" అడిగింది టీచరమ్మ.

"లేదండీ, బతికిపోయాను," అందా అమ్మాయి. తర్వాత తమ్ముడి ముంజెయ్యి పట్టుకుని వేలితో గీత గీస్తూ చెప్పింది. "చూడండి బాబాయ్ గారూ. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా రెండు ఎముకలుంటాయి. చిటికెనవేలి వైపుది అల్నా. అది కదలకుండా కూర్చుంటుంది. బొటనవేలి వైపుది రేడియస్. మీరు అరచెయ్యి తిప్పినప్పుడల్లా ఇది దాని చుట్టూ తిరుగుతుంది. మీకు విరిగిందీ ఇదే, ఇప్పుడు అలిగి కూర్చున్నదీ ఇదే."

టీచరమ్మ కుర్చీలో నిటారుగా అయింది. "ఏమన్నావ్? రేడియసా?"

"అవునండీ."

"రేడియస్ అంటే వ్యాసార్ధం. వృత్తకేంద్రం నుంచి వృత్తం మీది బిందువుకి గీసే గీత. అది మాది."

"ఎముక పేరు కూడా అదేనండీ."

"అయితే మా దగ్గర్నుంచి ఎత్తుకుపోయి ఉంటారు. తిరుగుతుందని నువ్వే అన్నావు కదా? ఏదైనా గుండ్రంగా తిరిగితే చాలు, మా పేరు తగిలించేస్తారు. ఒక మాట అడిగి తీసుకోవద్దూ!"

"అక్కా, ఎవరిదైతేనేం, విరిగింది మాత్రం నాది," అన్నాడు తమ్ముడు.

ఫిజియో అమ్మాయి నవ్వాపుకుంది. "మాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు టీచర్ గారూ. మీరు కనుక్కుని చెప్పండి, రాసుకుంటాను."

"కనుక్కుంటాను. కాగితాలతో సహా నిరూపిస్తాను," అంది టీచరమ్మ.

ఆ తర్వాత పరీక్ష. మోచెయ్యి ఒంటికి ఆనించి అరచెయ్యి పైకి తిప్పమంది ఫిజియో. తమ్ముడు చెయ్యంతా గాల్లోకి ఊపి, ఒళ్ళు పక్కకి వంచి, అరచెయ్యి పైకి పెట్టేశాడు. "వచ్చేసింది!" అన్నాడు. ఆ అమ్మాయి బల్ల మీది న్యూస్‌పేపరు మడిచి అతని చంకలో పెట్టింది. "ఇది పడకుండా తిప్పండి." తిప్పాడు. పేపరు దబ్బున కింద పడింది. నాలుగుసార్లు పెట్టింది, నాలుగుసార్లూ పడింది.

"మీరు తిప్పేది భుజం బాబాయ్ గారూ. చెయ్యి కాదు."

కోణమానినికి రెండు పట్టీలు తగిలించినట్టున్న స్కేలుతో కొలిచింది. "ముప్ఫై అయిదు డిగ్రీలు."

"ముప్ఫై ఆరు. పక్కనుంచి చూస్తే తప్పొస్తుందమ్మా, సూటిగా చూడాలి," అంది వెనకనుంచి టీచరమ్మ. ఆ అమ్మాయి మళ్ళీ చూసింది. ముప్ఫై ఆరే.

"మామూలుగా ఎనభై దాకా తిరగాలి. యాభై దాటితే మీ పని మీరు చేసుకోవచ్చు. కానీ ఈ నెలే ముఖ్యం. ఇప్పుడు తిప్పకపోతే తర్వాత ఎంత తిప్పినా రాదు. రోజుకి మూడుసార్లు ఇంట్లో చెయ్యాలి. చంకలో పేపరు పెట్టుకుని."

బుద్ధిగా తలూపాడు. ఆ ఊపు టీచరమ్మకి బాగా తెలుసు. ఇంటిపని చెయ్యని పిల్లలు సరిగ్గా అలాగే ఊపుతారు.

తిరిగొచ్చేటప్పుడు దారిలో తాపీగా చెప్పాడు. "షాపు వీధి చివరి టైర్లాయనకి ఇచ్చేస్తున్నానక్కా. చాన్నాళ్ళుగా అడుగుతున్నాడు. కొలతలు చూసుకోమని ఒక తాళంచెవి కూడా ఇచ్చేశాను. వచ్చే వారం కాక పైవారం, శనివారం వచ్చి సామాను సర్దుకుంటాడు."

టీచరమ్మ నడక ఆగిపోయింది. "అదేమిట్రా? చెయ్యి వస్తుందని చెప్పింది కదా ఆ అమ్మాయి!"

"వస్తే వస్తుంది, రాకపోతే లేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళు తిప్పాను, చాల్లే. చివరికి చక్రాలు తిప్పుకోవడానికి కూడా పనికిరాకుండా పోయాను." నవ్వుతూనే అన్నాడు.

ఆ మాట టీచరమ్మకి గుండెలో కలుక్కుమంది. ఎందుకంటే అందులో సగం ఆవిడదే.

ముప్ఫై తొమ్మిదేళ్ళ కిందట అతను పదో తరగతి. ఆవిడకి అప్పుడే ఉద్యోగం వచ్చింది. చేతిలో కొత్త సుద్దముక్క, నెత్తి మీద కొత్త పొగరు. తమ్ముణ్ణి కూర్చోబెట్టి వృత్తాల పాఠం చెప్పింది. వాడు వృత్తం చక్కగా గీశాడు, కంపాస్ లేకుండా, ఒక్క గీతలో. కానీ వ్యాసార్ధం ఇస్తే పరిధి కనుక్కోవడం రాలేదు. నాలుగు రోజులు చెప్పింది. ఐదో రోజు ఓపిక చచ్చిపోయి, "నువ్వు చక్రాలు తిప్పుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావురా!" అని పుస్తకం విసిరేసింది. పరీక్ష పోయింది. మర్నాడే వాడు సైకిలు షాపులో చేరాడు. ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆవిడ ఏదో ఒకటి వాదించి గెలిచేది. ఎత్తకపోవడంతో అది అలాగే లోపల ఉండిపోయింది.

మర్నాడు పొద్దున వెళ్ళి చూసింది. అతని మంచం మీద ఆరోజు న్యూస్‌పేపరు, వేసినవాడు మడిచిన మడత మడిచినట్టే ఉంది. వ్యాయామం చెయ్యలేదని అడక్కుండానే తెలిసిపోయింది. షాపులో చక్రం నిలబెట్టే ఇనుప స్టాండు ఖాళీగా ఉంది. దాని పక్కన మేకుకి ఒక రిమ్ము, ఒక హబ్బు వేలాడుతున్నాయి. రేసులకెళ్ళే అమ్మాయి ముందు చక్రం అది. చెయ్యి విరగక ముందు తెచ్చిచ్చింది. ఇంకెవరి దగ్గరికీ తీసుకెళ్ళనని, మేస్త్రి గారే అల్లాలని కూర్చుంది.

టీచరమ్మకి ఏం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు ఆవిడ చేసే పని ఒక్కటే, ఎక్కడో ఒకచోట తనే రైటని తేల్చుకోవడం. నేరుగా లైబ్రరీకి వెళ్ళింది. లావుపాటి లాటిన్ నిఘంటువు అడిగింది. లైబ్రేరియన్ దాన్ని రెండు చేతుల్తో మోసుకొచ్చి, దుమ్ము దులిపి, ఇంతకుముందు దీన్ని ఎవరూ అడగలేదని చెప్పి, టీచరమ్మ వైపు కాస్త భయంగా చూసి వెళ్ళింది.

కళ్ళజోడు తుడుచుకుని, పేజీలు తిప్పి, ఆ మాట దగ్గర వేలు పెట్టింది. మొదటి అర్థం, కర్ర. పుల్ల. సరే, ఎక్కడో మొదలవ్వాలి కదా అనుకుంది. రెండోది, బండిచక్రపు ఆకు.

వేలు అక్కడే ఆగిపోయింది. ఆకు అంటే స్పోకు. ఇరుసు దగ్గర్నుంచి చక్రం అంచుదాకా వెళ్ళే పుల్ల. ఆ తర్వాతగానీ లెక్కలవాళ్ళు రాలేదు. ఇసుకలో బొమ్మలు గీసుకునే కర్ర, దాని వెనక వృత్త వ్యాసార్ధం. ఇంకా కిందికి పోతే నేతగాడు దారం అటూ ఇటూ పోనిచ్చే నాడె ఉంది, పక్షి కాలి వెనక ముల్లు ఉంది, పొడుగాటి ఒక రకం ఆలివ్ కాయ ఉంది. వీటన్నిటి తర్వాత ముంజేతి ఎముక. దాని కింద సూర్యకిరణం. రేడియోకి కూడా ఆ కిరణమే మూలమట. ఒక్క పుల్లని పట్టుకుని ఎంతమంది ఎంత దూరం వెళ్ళారో!

మామూలు రోజైతే ఈ మాటల సంబరం ఆవిడ వీధంతా చాటేది. ఆ రోజు మాత్రం అదే పేజీని రెండోసారి, మూడోసారి చదివింది. ముప్ఫై నాలుగేళ్ళు బోర్డు మీద వృత్తాలు గీసి, "ఇది రేడియస్, ఇది మన సొత్తు" అన్నట్టు పాఠం చెప్పింది. తీరా చూస్తే అది చక్రాలవాడి షాపులోంచి వచ్చిన సరుకు. ఏ తమ్ముణ్ణి అయితే చక్రాలకే పనికొస్తావని తోసేసిందో, ఆవిడ పాఠం మొత్తం వాడి మేకుకి వేలాడుతోంది. పుస్తకం మూసేసి, చీర కొంగుతో ముఖం తుడుచుకుని ఇంటికొచ్చింది.

చెప్పేసి ఉంటే సరిపోయేది. కానీ చెప్తే ఓడినట్టు కదా. నోరు కట్టుకుంది. వారం తర్వాత ఫిజియో అమ్మాయి, "కనుక్కున్నారా టీచర్ గారూ?" అనడిగితే, "చూస్తున్నానమ్మా, చాలా పెద్ద పుస్తకం" అంది. ఇంటిపని విషయంలో జన్మలో అబద్ధమాడని మనిషి, అరవై నాలుగేళ్ళ వయసులో మొదలుపెట్టింది. తమ్ముడి చెయ్యి ముప్ఫై ఏడు దగ్గరుంది.

"వారానికి ఒక్క డిగ్రీనా? ఇంట్లో చేస్తున్నారా బాబాయ్ గారూ?"

"చేస్తున్నానమ్మా," అన్నాడు తమ్ముడు. ఆ గదిలో ఆ పూట నిజం చెప్పింది స్కేలు ఒక్కటే.

ఆ రోజే టీచరమ్మ ఒక నిర్ణయానికొచ్చింది. ఆ రేసు పిల్ల చక్రం తనే అల్లుతుంది. వాడి కళ్ళముందు స్టాండు మీద చక్రం ఉంటే, వాడు ఊరికే కూర్చోగలడా? మధ్యాహ్నం తమ్ముడు కునుకు తీస్తుండగా చప్పుడు చెయ్యకుండా షాపులోకి దూరి, టేపుతో రిమ్ము కొలిచింది, హబ్బు కొలిచింది. ఇంటికెళ్ళి కాగితం మీద లెక్క కట్టింది. రిమ్ము వ్యాసార్ధంలోంచి హబ్బు వ్యాసార్ధం తీసెయ్యాలి. హబ్బు వెడల్పు వల్ల పుల్ల కాస్త వాలుగా వెళ్తుంది కాబట్టి, లంబకోణ త్రిభుజం గీసి కర్ణం కట్టాలి. రెండువందల ఎనభై రెండు మిల్లీమీటర్లు. మూడుసార్లు సరిచూసింది. పొడవు కాగితమ్మీద రాసుకుని సైకిలు సామాన్ల దుకాణానికెళ్ళి, ముప్ఫై రెండు స్పోకులు ఆ కొలతకే కోయించుకుని, పూలగుత్తిలా గుండెలకి పట్టుకుని తమ్ముడి షాపుకొచ్చింది.

"ఏమిటక్కా అది?"

"నువ్వు మాట్లాడకు. కూర్చుని చూడు."

గోడకున్న ఇంకో చక్రాన్ని నమూనాగా పెట్టుకుంది. స్పోకు హబ్బులో దూర్చింది, అలాగే పక్కకి పోనిచ్చింది, ఇంకో రెండింటి మీదుగా, ఒకదాని కిందనుంచి తీసుకెళ్ళింది. రిమ్ము కన్నం దగ్గరికి వచ్చింది. అందలేదు. లాగింది. అందలేదు. ఇంకోటి దూర్చింది. అదీ అంతే. అన్నీ చిటికెనవేలి గోరు వెడల్పున పొట్టి.

"కోసినవాడు మోసం చేశాడు!" అని లేచింది. టేపు పెట్టి కొలిచింది. సరిగ్గా రెండువందల ఎనభై రెండు.

తమ్ముడు స్పోకు తీసుకుని కళ్ళ ముందు పెట్టుకుని చూశాడు. "పదమూడు మిల్లీమీటర్లు తగ్గిందక్కా. ఎలా కట్టావు లెక్క?"

చెప్పింది. వ్యాసార్ధంలోంచి వ్యాసార్ధం తీసేశానని, కర్ణం కూడా మర్చిపోలేదని. చెప్పడం పూర్తికాకముందే అతని భుజాలు కదలడం మొదలెట్టాయి. తర్వాత పొట్ట. తర్వాత మనిషి మొత్తం. స్టాండు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేలా, ఊపిరందకుండా నవ్వాడు. చెయ్యి విరిగాక అతను అలా నవ్వడం అదే మొదలు.

"అక్కా, సైకిలు పుల్ల మధ్యలోంచి రాదక్కా! పక్కనుంచి వస్తుంది! చూడు." గోడ మీది చక్రం దించి చూపించాడు. "హబ్బు అంచుని ఒరుసుకుంటూ వాలుగా పోతుంది. తొక్కినప్పుడు హబ్బు తిరుగుతుంది, ఈ వాలు పుల్లలే రిమ్ముని లాక్కుపోతాయి. నీ లెక్కలోలా మధ్యలోంచి నిట్టనిలువుగా పెట్టావనుకో, హబ్బు లోపల తిరుగుతుంది, పుల్లలు మెలిపడతాయి, చక్రం కూర్చుంటుంది. ముప్ఫై నాలుగేళ్ళు సైకిలు తొక్కుకుంటూ స్కూలుకెళ్ళావు, ఒక్కసారైనా కిందికి చూశావా?"

చూడలేదు. ఆ మాట నిజం. టీచరమ్మ ముఖం వాడిపోయింది. పొట్టి స్పోకుల కట్ట ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. తమ్ముడు నవ్వాపి, ఆవిణ్ణి చూసి, రిమ్ము చేతిలోకి తీసుకున్నాడు.

"కానీ ఇది ముందు చక్రం," అన్నాడు మెల్లిగా. "దీన్ని ఎవరూ తొక్కరు. ఊరికే దొర్లుతుంది. దీనికి నిట్టనిలువుగా పెట్టొచ్చు. హబ్బు గట్టిదే, తట్టుకుంటుంది. బరువు కూడా తగ్గుతుంది, రేసు పిల్లకి ఇంకా మంచిది." స్పోకు ఒకటి తీసి హబ్బులోంచి నేరుగా రిమ్ముకి పెట్టి చూశాడు. అతికినట్టు సరిపోయింది. "మిల్లీమీటరు తేడా లేదక్కా! లెక్క బ్రహ్మాండంగా కట్టావు. కాకపోతే వేరే చక్రానికి కట్టావు."

టీచరమ్మ ఇక ఆగలేకపోయింది. "ఒరేయ్, నీకు రెండు మాటలు చెప్పాలి."

"చెప్పు."

"ఆ రేడియస్ మాది కాదు. ఎముకలవాళ్ళదీ కాదు. పుస్తకంలో చూశాను. ముందు కర్ర, ఆ వెంటనే చక్రపు ఆకు. మా వ్యాసార్ధం దాని కింద ఎక్కడో ఉంది. ఎముక ఇంకా కింద, ఆలివ్ కాయ తర్వాత. మొదట మీ వాళ్ళదేరా. పాతకాలం బండిచక్రం పుల్ల నేరుగా మధ్యకే వెళ్ళేది కదా, దాన్ని చూసి మేం తెచ్చుకున్నాం. వారం నుంచీ దాచాను."

తమ్ముడు నోరు తెరిచి చూశాడు. "అంటే... మీ స్కూలూ, ఆ ఫిజియో అమ్మాయి ఆస్పత్రీ, అందరూ మా షాపులో సరుకు పట్టుకెళ్ళినవాళ్ళేనా?"

"అంతే."

"ఒక్క మాట చెప్పి పట్టుకెళ్ళొద్దూ!" అన్నాడు. అచ్చం ఆవిడ గొంతుతోనే అన్నాడు.

"రెండో మాట విను." ఆవిడ గొంతు మారింది. "నువ్వు చక్రాలకే పనికొస్తావని ఆ రోజు అన్నాను. తప్పు చేశాను. నిన్నే కాదు, నీ పనిని కూడా తక్కువ చేసి అన్నాను. ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదు. క్షమించు."

అతను స్పోకుని వేళ్ళ మధ్య దొర్లించాడు. "నిజం చెప్పనా? నువ్వు తిట్టడానికి నెల ముందే నేను ఆ షాపాయనతో మాట్లాడుకున్నాను. నాన్నకెలా చెప్పాలా అని చూస్తుంటే, నువ్వే దారి చూపించావు. అక్కే అంది కదా నాన్నా అన్నాను. ఒక్క మాట మాట్లాడలేకపోయాడు."

"ఓరి దొంగ సచ్చినోడా!"

"కానీ నొప్పి పుట్టింది. అబద్ధమెందుకు, చాలా రోజులు నొప్పి పుట్టింది. నువ్వు అన్నావని కాదు. నేను ఎంత మంచి చక్రం అల్లినా, నువ్వు వచ్చి చూడలేదు. ఇవాళే చక్రం కోసం వచ్చావు, అదీ పొట్టి పుల్లలు పట్టుకుని."

ఇద్దరూ నవ్వారు, ఇద్దరూ ముక్కు తుడుచుకున్నారు. అయితే షాపు సంగతి మాత్రం అతను ఎత్తలేదు. ఆవిడా అడగడానికి భయపడింది. శనివారానికి ఇంకా ఆరు రోజులున్నాయి.

ఆ ఆరు రోజులూ లెక్కల టీచరు విద్యార్థి అయింది. అంత మొద్దు విద్యార్థి ఆ షాపులో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. స్పోకు కొసని రిమ్ముకి పట్టి ఉంచే చిన్న ఇత్తడి నిప్పిల్ ఉంటుంది, దాన్ని ఒక చిన్న కీతో తిప్పి బిగిస్తారు. ఎంత తిప్పితే ఎంత లాగుతుందో అదే పనంతా.

"పావు తిప్పక్కా. పావంటే పావు."

"పావే తిప్పాను. తొంభై డిగ్రీలు."

"తొంభై అయితే చక్రం అటెందుకు వాలింది? నువ్వు నూట ఇరవై తిప్పావు. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి ఏం చెప్పావో ఏమో!"

ఆవిడ తిప్పడం చూస్తే అతనికి ఒళ్ళు మండేది. రెండో రోజుకి మండటం ఎక్కువై, కీ లాక్కున్నాడు. కుడిచేత్తో పట్టుకున్నాడు. తిప్పబోతే మోచెయ్యి రెక్కలా పైకి లేచింది. వెంటనే టీచరమ్మ న్యూస్‌పేపరు తెచ్చి చంకలో కుక్కింది. "చేత్తో తిప్పు. భుజంతో కాదు." పేపరు పడింది. మళ్ళీ పెట్టింది. నొప్పికి పళ్ళు బిగించి పావు తిప్పుకి నాలుగు విడతలు తీసుకున్నాడు. అయినా కీ ఆవిడకి తిరిగివ్వలేదు. స్పోకుల్ని వేలితో మీటి చెవి పెట్టి వినేవాడు. ఒకటి బొంగురుగా పలికితే బిగించేవాడు, ఇంకోటి కీచుగా పలికితే వదులు చేసేవాడు. సాయంత్రానికల్లా ఆ న్యూస్‌పేపరు చెమటకి తడిసి, నలిగి, చదవడానికి పనికిరాకుండా పోయేది. పొద్దున ఇంకోటి.

శనివారం పదింటికి చక్రం స్టాండు మీద తిరుగుతోంది. ముప్ఫై రెండు పుల్లలూ నేరుగా మధ్యకి. తమ్ముడు వంగి, రిమ్ముకీ స్టాండు ఇనుప కొసకీ మధ్య సందు చూస్తున్నాడు. సందు ఎక్కడా మారడం లేదు. అప్పుడు టైర్లాయన వచ్చాడు. బయట వ్యాను, ఇద్దరు మనుషులు, తాళ్ళ చుట్ట.

"మేస్త్రీ, మొదలెడదామా? ముందు ఆ స్టాండు ఎత్తించమంటావా, అటక మీది రిమ్ములా?"

వీధిలో ఎవరి నోరైనా మూయించగల టీచరమ్మ ఈసారి తన నోరు మూసుకుని తమ్ముడి వైపు తిరిగింది. ఈ సమాధానం తనది కాదు, వాడిది.

తమ్ముడు తల కూడా ఎత్తలేదు. ఎడమచెయ్యి చక్రం మీదే ఉంది. "లేదు సారూ, ఇవ్వనిక. వెనక చక్రం కూడా అల్లాలి ఆ పిల్లకి. మా అక్క కొలతలు తీసుకుంటానంటోంది, దగ్గరుండి చూసుకోకపోతే కొంప మునుగుతుంది. ఏమీ అనుకోకు. ఆ తాళంచెవి ఇలా ఇచ్చెయ్." అని కుడిచెయ్యి చాచాడు.

టైర్లాయన మంచివాడే. రెండు నిమిషాలు గొణిగి, అల్మారాలు ఎక్కడ పెట్టాలో కూడా అనుకున్నానని వాపోయి, జేబులోంచి తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టాడు.

మోచెయ్యి ఒంటికి ఆనే ఉంది. భుజం కదల్లేదు. అరచెయ్యి పైకి ఉంది. పూర్తిగా కాదు, కాస్త లోపలివైపు వాలి ఉంది. కానీ తాళంచెవి జారలేదు. చెయ్యి తిరిగిన సంగతి అతను గమనించలేదు, మళ్ళీ సందులోకి చూస్తూ చక్రం తిప్పాడు.

గమనించింది టీచరమ్మే. యాభై అనుకుంది. కాదు, యాభై రెండు. యాభై అయిదు కూడా ఉండొచ్చు. ఇన్నేళ్ళలో ఏ కోణాన్నీ ఆవిడ "ఉండొచ్చు" అని చెప్పి ఎరగదు. సూటిగా చూద్దామని ముందుకి వంగింది గానీ, కళ్ళ నిండా నీళ్ళు, ఏమీ కనబడలేదు.